సోన్‌కుల్ దారి

అనంతపురములో 31 సంవత్సరములు ఆర్.టి.సి. బస్సు నడిపి విశ్రాంతి పొందిన యొక డ్రైవరు, 2024 వ సంవత్సరము జూలై నెలలో కిర్గిజ్ దేశమునకు ప్రయాణమయ్యెను. ఆయన కుమార్తె ఆ దేశపు రాజధానియగు బిష్కెక్ నగరమున వైద్యవిద్య నభ్యసించుచుండెను. ఆ నగరమునకు భారతదేశమునుండి చదువుటకు పోయిన విద్యార్థులు వేల సంఖ్యలో కలరు. వారిలో తెలుగువారును తక్కువ కారు. బిడ్డను చూచి రావలెనను కోరిక యొకటి. జీవితములో నొక్కమారైనను పరదేశమున బండి నడుపవలెనను కోరిక రెండవది. మొదటి దానిని ఆయన అందరితోను చెప్పెను. రెండవ దానిని భార్యతో మాత్రమే చెప్పెను. ఆమె నవ్వి, "ముప్పది యేండ్లు నడిపినది చాలలేదా?" అనెను.

ఆయనకు కొండదారులు క్రొత్తవి కావు. శ్రీశైలము ఘాటులో వానాకాలపు మంచునందును, తిరుమల ఘాటులో బ్రహ్మోత్సవముల రద్దీయందును బండి నడిపినవాడు. ప్రమాదము లేకుండ నడిపినందులకు పతకము కూడ పొందెను. ఆ పతకమును గూర్చి ఆయన తానై యెన్నడును చెప్పుకొనలేదు; కాని ఇంటికి వచ్చినవారి కంటబడునట్లుగా దానిని గోడకు తగిలించి యుంచెను.

కిర్గిజ్ దేశము మధ్య ఆసియాలోని పర్వత దేశము. సముద్రమన్నది దానికి లేదు. దేశములో నూటికి తొంబది పాళ్లు 1,500 మీటర్లకు పైన నున్న నేలయే. ఆంధ్రప్రదేశమున తూర్పు కనుమలలో మిక్కిలి ఎత్తైన శిఖరము 1,700 మీటర్లకు మించదు. కిర్గిజ్ దేశమున సగటు ఎత్తే 2,750 మీటర్లు. చైనావారు స్వర్గ పర్వతములని పిలుచు తియెన్‌షాన్ శ్రేణులు దేశమంతటను వ్యాపించి యున్నవి. వానిలో మిన్నయగు జెంగిష్ చొకుసు 7,439 మీటర్లు. బిష్కెక్ నగరము ఆ దేశస్థుల దృష్టిలో పల్లపు ప్రాంతము. అట్టి పల్లపు నగరము కూడ దాదాపు తిరుమల కొండయంత ఎత్తున నున్నది. కుమార్తె ఈ మాట చెప్పినపుడు తండ్రి వీధిలో నిలిచి పాదములవైపు చూచుకొని, "ఇక్కడనే కొండ ఎక్కి యున్నామన్న మాట" అనెను.

రెండు దినములు కారును అద్దెకు తీసికొనిరి. అనంతపురములో రవాణా కార్యాలయమున తీసికొన్న అంతర్జాతీయ అనుజ్ఞాపత్రము ఆయన జేబులో నుండెను. కారు దొరకుట సులభమైనది. దానిలో కూర్చుండుట కష్టమైనది. ఆ దేశమున బండ్లు బాటకు కుడివైపున పోవును. స్టీరింగు ఎడమవైపున నుండును. తండ్రి తాళపుచెవి చేత పట్టుకొని నేరుగా కుడి తలుపు తెరచి కూర్చుండి, ఎదుట స్టీరింగు లేకుండుట చూచి తెల్లబోయెను. కుమార్తె నవ్వాపుకొనలేకపోయెను. మొదటి దినమున ఆయన ఈ పొరపాటు నాలుగు సారులు చేసెను. గేరు మార్చవలసినపుడెల్ల ఆయన ఎడమ చేయి పోయి తలుపును తాకుచుండెను. బుద్ధి యెరిగినను చేయి యెరుగదు. ముప్పది యేండ్లు చేతికి నేర్పిన విద్యను ఒక పూటలో మరపించుట ఎవరి తరము? నాలుగు బాటలు కలియు చోట ఎడమకు తిరుగునపుడు కుమార్తె ప్రతిసారియు "కుడి, నాయనా, కుడి" అని జ్ఞాపకము చేయుచుండెను. ఆ నగరమున జపానునుండి వచ్చిన కుడి స్టీరింగు కార్లును కొల్లలుగా తిరుగుచుండును. అట్టి బండిలో కూర్చున్నవానికి ముందు పోవు లారీని దాటవలెనన్న ఎదురు వచ్చునది కనబడదు. తండ్రి వానిని చూచి, "నాకు ఇదియే మేలు" అని ఎడమ స్టీరింగుతో సమాధానపడెను.

మరునాడు వేకువనే సోన్‌కుల్ సరస్సునకు బయలుదేరిరి. తూర్పుగా పోవు ఆ బాట ప్రాచీనమైనది. తొక్మొక్ పట్టణమునకు సమీపమున సూయాబ్ అను నగరపు శిథిలములు కలవు. చైనా యాత్రికుడు హుయాన్‌త్సాంగ్ క్రీ. శ. 630 ప్రాంతమున తియెన్‌షాన్ దాటి, ఇస్సిక్‌కుల్ సరస్సు ప్రక్కగా వచ్చి, ఇక్కడనే తురుష్క ప్రభువును దర్శించెను. మంచు కనుమను దాటునపుడు చలికిని ఆకలికిని ఆయన తోడివారిలో పదింట ముగ్గురు నలుగురు మరణించిరని ఆయన జీవితచరిత్ర చెప్పుచున్నది. ఆ మహానుభావుడే తరువాత కొన్ని సంవత్సరములకు ఆంధ్రదేశమునకు వచ్చి ధాన్యకటకమును చూచెను. కుమార్తె ఈ కథ చెప్పగా తండ్రి చాలసేపు మాటాడలేదు. పిదప, "అమరావతికి నేను బస్సు తోలినాను. అంత దూరము నడచి వచ్చినవాడు ఇక్కడ కూడ నడచినాడా!" అనెను.

ఆ తరువాత బూమ్ అను లోయ వచ్చినది. ఇరువైపుల ఎఱ్ఱని రాతిగోడలు, నడుమ చూ నది. ఈ నది ఒక వింత నది. కొండలలో పుట్టి ఇస్సిక్‌కుల్ సరస్సు చేరువ దాక వచ్చి, దానిలో కలియక ప్రక్కకు తిరిగి ఈ లోయలో బడి పోవును. ఇస్సిక్‌కుల్ 182 కిలోమీటర్ల పొడవు, 668 మీటర్ల లోతు గల సరస్సు. ఎంత చలికాలమైనను గడ్డకట్టదు. సరస్సు కొననున్న బాలిక్చి పట్టణమున టీ త్రాగి, దక్షిణముగా తిరిగి మధ్యాహ్నమునకు కొచ్కోర్ చేరిరి. కొచ్కోర్ సుమారు 1,800 మీటర్ల ఎత్తున నున్న ఊరు. అక్కడి స్త్రీలు గొఱ్ఱె ఉన్నిని తడిపి ఒత్తి రంగు రంగుల కంబళములు చేయుదురు.

అక్కడ తండ్రీబిడ్డలకు చిన్న వాదము జరిగెను.

"నాయనా, ఈ రాత్రి ఇక్కడ పండుకొందము. రేపు ఉదయము పైకి పోయి, చూచి, సాయంకాలమునకు దిగవచ్చును" అని కుమార్తె చెప్పెను.

"రేపు సాయంకాలమునకు కారు అప్పగించవలెను గదా. ఈ దినమే పోయి రాత్రి సరస్సు ఒడ్డున నుండిననే చూచినట్లు."

"ఒక్క దినములో ఇంత ఎత్తు ఎక్కరాదని మా పాఠములలో నున్నది."

"బండి యెక్కును. నేను కూర్చుండి యుందును. నాకేమి కష్టము?"

ఆమె మరల మాటాడలేదు. వైద్యశాస్త్రము తెలిసిన బిడ్డ తండ్రి యెదుట వైద్యురాలగుట అంత తేలిక కాదు. ఆయన కామె ఇంకను ఒడిలో కూర్చుండబెట్టుకొని హారను మ్రోగించిన పిల్లయే.

సరీబులాక్ అను ఊరు దాటిన పిమ్మట తారు బాటను విడిచి మట్టిబాట పట్టిరి. కొంతదూరము పోవుసరికి కారు బలము తగ్గినట్లు తండ్రి గ్రహించెను. మూడవ గేరులో ఎక్కవలసిన ఏటవాలు రెండవ గేరు నడుగుచుండెను. రెండవ గేరులో ఎక్కవలసినది మొదటి గేరు నడుగుచుండెను. బండి చెడినదేమో యని దిగి, మూత యెత్తి చూచెను. ఏ లోపమును కనబడలేదు. లోపము బండిలో లేదు, గాలిలో నున్నది. సముద్రమట్టమున నుండు వాయుపీడనములో 3,000 మీటర్ల ఎత్తున నూటికి డెబ్బది పాళ్లు మాత్రమే యుండును. గాలిలో ప్రాణవాయువు పాలు ఎక్కడనైనను ఇరువది యొక్క వంతులే. కాని గాలియే పలుచనైనపుడు ప్రతి పీల్పులోను వచ్చు ప్రాణవాయువు తక్కువ. పెట్రోలు మండుటకు గాలి కావలెను. అందుచేత గాలిని బలవంతముగా లోనికి త్రోయు యంత్రము లేని ఇంజను వేయి మీటర్లకు పదవ వంతు చొప్పున బలము కోల్పోవును. "దీనికి కూడ ఊపిరి ఆడుట లేదు" అని తండ్రి మూత వేసెను. ఇంజనుకు వచ్చిన కష్టము నడుపువానికిని వచ్చునని అప్పుడాయనకు తోచలేదు.

కల్మక్ కనుమ 3,400 మీటర్లకు పైన నున్నది. జూలై మాసములో కూడ అక్కడ బాట ప్రక్కన మంచు చారలు చారలుగా మిగిలి యుండెను. కనుమ దాటిన వెంటనే ఎదుట సోన్‌కుల్ కనబడెను. చెట్టు చేమ యేమియు లేని పచ్చిక మైదానము. దాని నడుమ 29 కిలోమీటర్ల పొడవున నీలి నీరు. చుట్టును కొండల వరుస. తెల్లని గుడారములు దూరదూరముగా నుండెను. గుఱ్ఱముల మందలు ఎవరి కాపలాయు లేనట్లు తిరుగుచుండెను. తండ్రి బండి యాపి దిగి, "తల్లీ, దీనిని మీ అమ్మ చూడలేదు" అనెను. ఇంకేమియు ననలేదు.

సరస్సు 3,016 మీటర్ల ఎత్తున నున్నది. వేసవిలో పశువుల కాపరులు కుటుంబములతో వచ్చి ఉన్నితో గప్పిన గుండ్రని గుడారములు వేసికొని మూడు నాలుగు నెలలుందురు. గుడారపు నడినెత్తిన వెలుగును పొగయు పోవుటకై చక్రము వంటి కిటికీ యొకటి యుండును. దానిని తుందుక్ అందురు. ఆ దేశపు పతాకము నడుమ నున్న గుర్తు అదియే. కట్టెలు దొరకవు గనుక ఎండిన పిడకలతోనే పొయ్యి మండింతురు. పిడకల వాసన తగులగానే తండ్రికి సొంత ఊరు జ్ఞాపకము వచ్చెను. గుడారపు ఇల్లాలిని కుమార్తె ఎజె అని, అనగా అక్కా యని, పిలిచెను. ఆమె నూనెలో వేచిన పిండి ముక్కలు, మీగడ, టీ తెచ్చి పెట్టెను. టీ గిన్నెలో సగమే పోసెను. తండ్రి దానిని చూచి కొంచెము చిన్నబుచ్చుకొనెను. రాయలసీమలో అతిథికి సగము గ్లాసు ఇచ్చుట యుండునా? ఆ దేశమున నిండుగ పోసిన గిన్నెకు, త్రాగి వెడలుడని అర్థము. సగము పోయుట మరల మరల పోయుటకని కుమార్తె చెప్పినది. ఆ పిదప ఆయన ఆరు గిన్నెలు త్రాగెను.

రాత్రి పదిగంటలకు ఆయన తల పట్టుకొని లేచి కూర్చుండెను. చెవుల వెనుక సుత్తెలతో కొట్టినట్లు నొప్పి. బయటకు పోయి వాంతి చేసికొనెను. తిరిగి వచ్చి, "మీగడ పడలేదు" అనెను. కుమార్తె దీపము దగ్గరకు తెచ్చి ఆయన ముఖము చూచెను. అది మీగడ దోషము కాదని ఆమెకు తెలియును. ఎత్తునకు త్వరగా ఎక్కినవారికి వచ్చు వ్యాధి యిది. తలనొప్పి, వికారము, నిద్రలేమి, నిస్సత్తువ దాని మొదటి గుర్తులు. బలవంతుని విడుచుట, బలహీనుని పట్టుట యనునది దానికి లేదు. మూడువేల మీటర్లు దాటిన పిమ్మట రాత్రి పండుకొను చోటును దినమునకు 500 మీటర్లకు మించి పెంచరాదని వైద్యులు చెప్పుదురు. బిష్కెక్‌లో లేచినవారు అదే దినమున రెండువేల మీటర్లకు పైగా ఎక్కి సోన్‌కుల్‌లో పండుకొనినచో దేహమునకు అలవాటుపడు గడువేది? దీనికి ముందుగా వేసికొను మాత్రలు కలవు. ఆమె పరీక్షలో వాని పేరు వ్రాసి మార్కులు తెచ్చుకొన్నది. సంచిలో మాత్రము తెచ్చుకొనలేదు. స్టెతస్కోపు కూడ బిష్కెక్‌లో గదిగోడకు వ్రేలాడుచుండెను.

ఆమె తండ్రి వీపునకు చెవి ఆనించి ఊపిరి వినెను. ఊపిరితిత్తులలో నీరు చేరినచో కూర్చున్నను ఆయాసము వచ్చును. గరగర శబ్దము వినబడును. మెదడు వాచినచో మనిషి త్రాగినవానివలె తూలును. ఈ రెండింటిలో ఏది కనబడినను ఆ క్షణమే క్రిందికి దిగవలెను. ఆలసించిన ప్రాణము పోవును.

"నాయనా, లేచి ఈ కంబళపు అంచు వెంట నడువుము. మడమ ముందు వ్రేలికి తగులునట్లు నడువవలెను."

"ఈ ఆటలేమి, అమ్మాయీ?"

"నీవు ఆర్.టి.సి.లో ప్రతియేట కంటి పరీక్షకు పోలేదా? ఇదియు అట్టిదే."

ఆయన నడచెను. పది అడుగులు తిన్నగా వేసెను. ఆమె కొంత ధైర్యము తెచ్చుకొనెను.

దిగవలెనన్న అక్కడ నొక చిక్కు కలదు. సోన్‌కుల్ కొండల నడుమ గిన్నెవలె నున్నది. గిన్నె అడుగున నున్నవాడు బయటపడవలెనన్న మొదట అంచు నెక్కవలెను. వచ్చిన దారినే పోయినచో నాలుగువందల మీటర్లు పైకి పోయి, కనుమ దాటినగాని దిగుట లేదు. పైగా ఆ పచ్చికలో బాట యొకటి కాదు. పోయిన ప్రతి బండియు తన దారి తాను చేసికొన్నది. సాయంకాలము కురిసిన వడగండ్లకు మన్ను బురదయై యుండెను. చీకటిలో దారి తప్పి కొండనడుమ చిక్కుట రోగికి మంచిది కాదు. ఇల్లాలి కుమారుడు, ఏ గంటనైనను తాను గుఱ్ఱము మీద ముందు నడచి దారి చూపెదననెను. ఆమె యోచించి, తెల్లవారువరకు ఆగుటకును, ఊపిరి మారినను అడుగు తూలినను ఆ నిమిషమే బయలుదేరుటకును నిశ్చయించెను. గంట కొకసారి ఆయనను లేపి నడిపించుచు, కొద్దికొద్దిగా నీరు త్రాగించుచు ఆమె రాత్రియంతయు కూర్చుండెను. ఇల్లాలు కూడ పండుకొనక పొయ్యిలో పిడకలు వేయుచుండెను. ఇద్దరికిని ఒకరి భాష మరియొకరికి సగమే తెలియును. ఆ సగమే ఆ రాత్రికి చాలినది.

నాలుగు గంటలప్పుడు తండ్రి, "తెల్లవారగానే నేను నడిపెదను. మెల్లగా పోదము" అనెను.

"నీవు నడుపవు."

"నీవా? ఈ బాటలోనా?"

"నాకు అనుజ్ఞాపత్రమున్నది. నేర్పినది నీవే. ఇక్కడి చేతివాటము కూడ నాకే ఎక్కువ తెలియును. తలనొప్పితో వాంతులతో నున్న డ్రైవరును డిపోలో బస్సు ఎక్కనిత్తురా?"

ఆయన చాలసేపు పొయ్యివైపు చూచెను. "ఎక్కనీయరు" అనెను.

వెలుగు రాగానే బయలుదేరిరి. యువకుడు గుఱ్ఱము మీద ముందు పోయి మంచి బాట చేరువరకు దారి చూపి, చేయి యెత్తి నిలిచిపోయెను. కనుమ నెక్కునపుడు తండ్రి కన్నులు మూసికొని తల అద్దమునకు ఆనించెను. ఆమె మొదటి గేరులోనే ఇంజనును ఆగనీయక, తొందరపెట్టక ఎక్కించెను. శిఖరమున ఫొటోలు తీసికొనుటకు నిలువలేదు.

దిగుడు మొదలైనది. అనుభవము లేనివారు భయపడునది ఎక్కుడునకు; ఎరిగినవారు భయపడునది దిగుడునకు. దిగునపుడు బ్రేకు మీదనే పాదము నుంచినచో బ్రేకులు కాగి పట్టు విడుచును. ఎక్కుటకు ఏ గేరు కావలసెనో దిగుటకును అదే గేరు వేసి, ఇంజను చేతనే బండిని పట్టించవలెను. మూడు మలుపులు తిరిగిన పిమ్మట కాలిన వాసన వచ్చెను. తండ్రి కన్నులు తెరచెను. ఆయన కుడికాలు అప్పటికే, బ్రేకు లేని చోట, నేలను గట్టిగా త్రొక్కి యుండెను. అరవలేదు; చేయి చాపలేదు.

"రెండు కాదు, ఒకటి" అని మాత్రమనెను.

ఆమె మొదటి గేరునకు మార్చి పాదము తీసెను. బండి మూలుగుచు నెమ్మదించెను. వెడల్పైన చోట ఆపి, బ్రేకులు చల్లారుటకు పావుగంట నిలిచిరి. మరియొక మలుపున గుఱ్ఱముల మంద బాట నిండ వచ్చుచుండెను. ఆమె హారను కొట్టక నిలిపెను. గుఱ్ఱములు కారు నిరుప్రక్కల రాచుకొనుచు పోయెను. తండ్రి పెదవులపై అప్పుడు మొదటిసారి చిరునవ్వు కనబడెను.

సరీబులాక్ చేరి తారు బాట నెక్కునప్పటికి ఆయన, "నొప్పి సగము పోయినది" అనెను. కొచ్కోర్‌లో ఒక చిన్న పూటకూటి యింట రొట్టెయు వేడి పులుసును తెప్పించుకొని, పళ్లెము ఖాళీ చేసి, ఇంకొక రొట్టె అడిగెను. ఒక్క ఔషధమును లేకుండ, వేయి మీటర్లకు పైగా దిగుటయే ఔషధమై, ఆయన మరల మనిషియయ్యెను. కుమార్తె ఆ రొట్టెను చూచుచు కన్నులు తుడుచుకొనెను. ఆయన చూడనట్లు టీ త్రాగెను.

భోజనమైన పిమ్మట ఆమె తాళపుచెవిని బల్లపై పెట్టి, "ఇక తారు బాట. నొప్పి పూర్తిగా పోయినచో నీవు నడుపవచ్చును" అనెను. ఆయన తాళపుచెవి తీసికొని కారు దగ్గరకు పోయి, కుడి తలుపు తెరచి కూర్చుండెను. మరల పాత పొరపాటే యనుకొని ఆమె, "నాయనా, ఆ వైపు" అనబోయెను. ఆయన అప్పటికే బెల్టు పెట్టుకొని, చేయి చాపి తాళపుచెవిని ఎడమ సీటు మీద పెట్టి, ముందున్న బాటను చూచుచుండెను.